మేకమేయని ఆకు: చెప్పినవారి పేరు లేని చరిత్ర



జీడిమామిడి పూతకొచ్చే రోజుల్లో మన మాడుగుల, చీడికాడ, రావికమతం, గొలుగొండ కొండ ఊళ్ళలో తుమ్ములు, ముక్కు కారడం, ఆయాసం కొత్తేమీ కావు. ఈ బాధలకు పెద్దలు ఎరిగిన తీగ ఒకటుంది. పొదల మీద, కంచెల మీద అల్లుకుంటుంది. మేక ముట్టదని దానికి మేకమేయని ఆకు అని పేరు. కుక్కపాల అని కూడా అంటారు.

ఈ తీగకు పెద్ద చరిత్రే ఉంది. 18వ శతాబ్దంలో ఐరోపా శాస్త్రవేత్తలు దీనికిచ్చిన లాటిన్ పేరులో ‘ఆస్మాటికా’ అనే మాట ఉంది. అంటే ఉబ్బసంతో దీనికున్న సంబంధం అప్పటికే తెలుసన్నమాట. ఆ శతాబ్దం చివర సామర్లకోటలో పనిచేసిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరంలో దీని వేరును వాంతి మందుగా వాడుతున్నారనీ, తానూ రోగులకు ఇచ్చాననీ రాశాడు. 1868లో ఇండియా ఫార్మకోపియా దీని ఎండుటాకును మందుల్లో చేర్చింది. రాక్స్‌బర్గ్ మొక్కల తెలుగు పేర్లు శ్రద్ధగా రాసుకున్నాడు. వాటి గుణం చెప్పిన మనుషుల పేర్లు మాత్రం పుస్తకానికి ఎక్కలేదు.

ఢిల్లీలో డాక్టర్ శివపురి బృందం ఉబ్బసం, అలర్జీ జలుబు ఉన్నవారికి ఈ ఆకునిచ్చి పరీక్షించి 1969లో ఫలితాలు ప్రకటించింది. ఆకు తీసుకున్నవారిలో ఎక్కువమందికి ఉపశమనం కనిపించింది. కొందరికి నోరు పూసింది, వాంతులయ్యాయి. 1979లో వెలువడిన మరో పరీక్షలో ఉబ్బసానికి చెప్పుకోదగ్గ మేలు తేలలేదు. మన పెద్దల తెలివిని గౌరవించడమంటే ఈ రెండు ఫలితాలనూ దాచకుండా చెప్పుకోవడమే.

అందుకే ఒక మాట. ఈ ఆకును మీ అంతట మీరు నమలవద్దు. మోతాదు మించితే కీడు చేస్తుంది. ఆయాసం ఎక్కువైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

మీరు చేయాల్సిన పని ఇంకొకటుంది. ఊళ్ళో మందుమొక్కలు తెలిసిన తాత దగ్గర, అవ్వ దగ్గర కూర్చోండి. మొక్కను మన వాళ్ళు ఏమని పిలుస్తారో, ఏ కాలంలో కోస్తారో, ఎంత వాడతారో, ఎవరికి ఇవ్వకూడదో అడిగి రాయండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లో జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. అందులో ఈ వివరాలు చేర్పించండి. ఒప్పుకుంటే చెప్పినవారి పేరు కూడా రాయించండి.

రెండు శతాబ్దాల క్రితం రాయకుండా వదిలేసిన ఆ పేర్లను ఇక మనం తెచ్చుకోలేం. ఇప్పుడు మన మధ్య ఉన్నవారి పేర్లనైనా పోనివ్వకండి.