ముత్తాత ఊరు తెలియాలంటే పక్కపొలం వాళ్ళని వెతకండి

మనలో చాలామందికి తాతగారి పేరు తెలుసు, ముత్తాత పేరు చెప్పాలంటే కాస్త ఆలోచించాలి, ఆ పైన అంతా చీకటే. మా ఇంట్లోనూ అంతే. ముత్తాత రేపల్లె దగ్గర కాలవ గట్టు ఊళ్ళో కౌలుకి చేసేవాడు. అంతకు ముందు ఎక్కడివాళ్ళు అంటే "పైనుంచి వచ్చాం" అంటారు. ఆ పైన అంటే ఎక్కడో ఎవరికీ తెలియదు.

అమెరికాలో ఎలిజబెత్ షోన్ మిల్స్ అనే వంశచరిత్రకారిణి దీనికో దారి చెప్పింది. దాని పేరు ఫ్యాన్ క్లబ్. మన హీరోల ఫ్యాన్ క్లబ్ కాదులెండి :) ఫ్రెండ్స్, అసోసియేట్స్, నైబర్స్. మనిషి గురించి కాగితం దొరక్కపోతే ఆ మనిషి చుట్టూ ఉన్నవాళ్ళ కాగితాలు చూడమంటుంది. మన భాషలో చెప్పాలంటే, నోడ్‌లో డేటా లేకపోతే ఎడ్జ్‌ల వెంట వెళ్ళడం.

ఈ పనికి మన పాత దస్తావేజుల్ని మించినవి లేవు. పొలం అమ్మకం కాగితంలో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు రాస్తారు కదా, అంటే పక్కపొలాల వాళ్ళ పేర్లు. కింద సాక్షులు, రాసిన లేఖరి. పైన రాయించినవాడి తండ్రి పేరు, కాపురం ఉండే ఊరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల ఇండెక్సులు ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు.

చిక్కేమిటంటే ఇండెక్సులో ఉండేది రాసినవాళ్ళూ, రాయించుకున్నవాళ్ళూ. సాక్షులు, హద్దుదారులు అందులో ఉండరు. సెంటు భూమి కూడా కొనని మా ముత్తాత పేరు అక్కడ ఎంత వెతికినా దొరకదు. అందుకని ముందు ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి ఆ రోజుల్లో చుట్టుపక్కల రైతులెవరో రాసుకున్నాను, వాళ్ళ దస్తావేజులు తీయించాను. రెండిట్లో ఆయన సాక్షి. రెండిట్లోనూ పక్కన సంతకం పెట్టిన మనిషిది బాపట్ల వైపు ఒక పల్లె. ఆ పల్లెలో మా ఇంటిపేరు వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రుజువైపోయిందని అనను గానీ, వెతకాల్సిన చోటు గుంటూరు జిల్లా అంతా కాకుండా ఒక్క ఊరికి వచ్చింది.

అసలు ఎందుకు వచ్చి ఉంటారు? బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవలొచ్చాక డెల్టాలో వరి పెరిగింది, చేతులు కావాల్సొచ్చాయి. మనవాళ్ళు ఒంటరిగా వలస వెళ్ళరు, బావమరిదో పక్కింటివాడో ముందు వెళ్ళి పిలుస్తాడు. ఈ పద్ధతి పనిచేసేది అందుకే.

జిల్లాల సంగతి కూడా గుర్తుంచుకోండి. ఈ ప్రాంతం 1859 నుంచి 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి పోయాయి, తెనాలి గుంటూరులోనే ఉంది. ఊరు కదలకపోయినా దాని కాగితాల చిరునామా మారుతూ పోయింది.

అయితే పక్కింటివాడు ప్రతిచోటా సాక్ష్యం కాడు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం చూడండి. నేరస్థ జాతుల చట్టం కింద 1910లలో ఎరుకల కుటుంబాల్ని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు అది, నడిపింది సాల్వేషన్ ఆర్మీ. అక్కడ పొరుగువాణ్ణి ఎంచుకున్నది వాళ్ళు కాదు, సర్కారు. ఆ చట్టం 1952లో పోయింది. ఆ కుటుంబాలు తాతల పేర్లకోసం వెతుక్కోవాల్సింది మాత్రం వాళ్ళమీద నిఘా పెట్టినవాళ్ళు రాసిన కాగితాల్లో. భూమి ఉన్నవాడికి దస్తావేజు ఉంది, లేనివాడు ఇతరుల కాగితాల్లోనే బతికున్నాడు. చరిత్ర అందరికీ సమానంగా రాసిపెట్టలేదని నాకు అప్పుడు బాగా అర్థమైంది.

కాగితాలు ఎక్కడికీ పోవు, రేపైనా తీయించొచ్చు. మామ్మలు అలా కాదు. ఈ సంక్రాంతికి ఊరెళితే "మనం ఎక్కడినుంచి వచ్చాం" అని అడక్కండి, తెలియదంటారు. "మన అరుగుమీద ఎవరు కూర్చునేవాళ్ళు, మన పెళ్ళిళ్ళకి ఏ ఊళ్ళనుంచి బళ్ళు వచ్చేవి" అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అందులో వచ్చే ఒక్కో పేరూ ఒక్కో దస్తావేజుకి తాళంచెవి.