ఉపన్యాసం వెనుక సహవాసం

ఉపన్యాసకళను గురించి వచ్చిన పుస్తకాలన్నీ వక్తను గురించే చెబుతాయి. కంఠస్వరం, ఉచ్చారణ, హావభావం, ధైర్యం – ఇవన్నీ ఒక వ్యక్తి సొంత ఆస్తులన్నట్టుగా ఉంటుంది వాటి ధోరణి. చరిత్ర చెప్పేది వేరు. వక్త వేదిక మీద పుట్టడు. అంతకు ముందే ఎక్కడో పదిమంది కూర్చుని ఒకరి బాధ ఒకరు విన్నచోట పుడతాడు. ఈ సహవాసాన్ని విస్మరించి రాసిన ఉపన్యాస చరిత్ర సగం చరిత్రే.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని థియేటరులో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగింది. కార్వే అధ్యక్షుడు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను శ్రద్ధగా విన్న సభ, న్యాయవాది ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ రాష్ట్రంలో అత్యధికుల భాష తెలుగు. అయినా సభామర్యాదకు అది తగని భాష అయింది.

ఆ అవమానం ఒక మనిషికి జరిగింది. ఆయన ఇంటికి వెళ్ళి ఒంటరిగా కుమిలిపోయి ఉంటే అది వ్యక్తిగత పరాభవంగానే మిగిలిపోయేది. అలా జరగలేదు. నవంబరు 12 రాత్రి కొద్దిమంది మిత్రులు టేకుమాల రంగారావు ఇంట్లో కూడారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, ఆదిరాజు వీరభద్రరావు వంటి వారు అందులో ఉన్నారు. ఆంధ్రజన సంఘం ఆ రాత్రే పుట్టింది. పగలు జరిగిన సభ ఒక గొంతు నొక్కితే, రాత్రి కూడిన ఇల్లు ఒక జాతికి గొంతు ఇచ్చింది. ఒకడి సిగ్గు అందరి సిగ్గుగా గుర్తింపు పొందిన క్షణమే ఉద్యమానికి మొదలు.

ఇదే కాలంలో మరో దేశంలో జరిగిన ఒక ప్రయత్నాన్ని పోల్చి చూడవచ్చు. 1924 అక్టోబరులో అమెరికాలోని శాంటా ఆనా పట్టణంలో, వై.ఎం.సి.ఎ. భవనంలో, రాల్ఫ్ స్మెడ్లీ టోస్ట్‌మాస్టర్స్ అనే ఉపన్యాస క్లబ్బును ప్రారంభించాడు. దాని పద్ధతి సులువు. సభ్యులు వంతులవారీగా కాసేపు మాట్లాడతారు. తక్కినవారు విని గుణదోషాలు చెబుతారు. ఈనాటి వక్త రేపటి శ్రోత. కనుక ఎవరూ ఎవరినీ ఎగతాళి చేయరు. తన కథ చెప్పుకోవడానికి జంకే మనిషి కూడా అక్కడ నోరు విప్పుతాడు. ఈ స్నేహధర్మం మెచ్చదగిందే. అయితే ఆ సంస్థ స్త్రీలకు సభ్యత్వం ఇచ్చింది 1973లో! దాదాపు యాభై ఏళ్ళపాటు ఆ స్నేహానికి గోడ ఉండింది. అంతేకాదు, అక్కడ మాట వ్యక్తి ఎదుగుదలకు సాధనం. హైదరాబాదులో సమష్టి హక్కుకు సాధనం. ఈ తేడా చిన్నది కాదు.

అలాగని మన గదికి గోడలు లేవా? ఆంధ్రజన సంఘాన్ని స్థాపించినవారు చదువుకున్న నగరవాసులు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినప్పుడు, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైన భువనగిరి సభ నాటికి ‘సంఘం’ రైతుకూలీల మాటయింది. అయినా ఆ పోరాటంలో నడిచిన స్త్రీలు తమ భయాన్నీ, ఆకలినీ, వదులుకున్న బిడ్డలనూ గురించి చెప్పుకోగా అవి పుస్తకరూపంలో వచ్చింది 1986లోనే – ‘మనకు తెలియని మన చరిత్ర’గా. వాళ్ళకు మాటలు రాక కాదు. వినడానికి కూర్చున్నవాళ్ళు లేక.

మన అనంతపురం జిల్లాకు కూడా ఈ చరిత్రలో భాగముంది. తరిమెల గ్రామం నుంచి వచ్చిన విద్వాన్ విశ్వం, తరిమెల నాగిరెడ్డి 1930ల చివర నవ్యసాహిత్యమాల పేరిట పుస్తకాలు వెలువరించారు. ఒకరు కవి, ఒకరు రాజకీయవక్త. ఆ స్నేహంలో సాహిత్యమూ రాజకీయమూ పక్కపక్కనే పెరిగాయి. కరువుసీమ పేద సంసారపు గోడు విన్న చెవి లేకపోతే 1956లో ‘పెన్నేటి పాట’ వచ్చేది కాదు. శాసనసభలో మోగిన నాగిరెడ్డి గొంతు, 1969లో ఆ సభ్యత్వాన్ని వదులుకున్నాక, కుట్రకేసులో కోర్టుకిచ్చిన ప్రకటనగా మారింది. అదే ‘తాకట్టులో భారతదేశం’. వేదిక లేకపోతే బోను వేదికైంది.

ముదిగుబ్బ వైపు మెట్టపల్లెల్లో విత్తుకు ముందు ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని చెనక్కాయలు ఒలుస్తారు. ఎండిన బోరు, తీరని అప్పు, బెంగుళూరుకు వలసపోయిన కొడుకు – అన్నీ ఆ గుంపులో మాటకొస్తాయి. ఒకరు చెబుతుంటే చేతులు ఆగవు, చెవులూ ఆగవు. అక్కడ అధ్యక్షుడు లేడు, గంట లేదు. ఉపన్యాసానికి కావలసిన మొదటి షరతు, అంటే నమ్మి వినే మనుషులు, అక్కడ ఉన్నారు. లేనిది, ఆ మాట ఊరి సభదాకా పోయే దారి.

సభలు జరిపే రచయితలు ఎంతమంది గొప్పగా మాట్లాడారని కాక, ఎవరు మొదటిసారి నోరు విప్పారని లెక్క వేసుకోవాలి. 1921 నాటి ఆ రాత్రి నేర్పిన పాఠం ఇదే.