హార్డ్‌డిస్క్ లేని టెర్మినళ్లు లేచేదెలా?

హార్డ్‌డిస్క్ లేని టెర్మినల్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడి నుంచి రావాలన్నదే మొదటి చిక్కు. 1985లో వచ్చిన బూట్‌పీ ప్రోటోకాల్ టెర్మినల్‌కు ఐపీ అడ్రసును, తెచ్చుకోవాల్సిన ఫైలు పేరును చెప్పేది. ఆ ఫైలును సర్వర్ నుంచి టీఎఫ్‌టీపీ అనే మరో ప్రోటోకాల్ మోసుకొచ్చేది. నెట్‌వర్క్ కార్డులో బూట్ రోమ్ లేకపోతే ఫ్లాపీయే దిక్కు. దుమ్ముకూ వాడకానికీ అది త్వరగా పాడయ్యేది. 1990ల చివర్లో ఇంటెల్ తెచ్చిన నెట్‌వర్క్ బూట్ ప్రమాణం పీఎక్స్‌ఈ ఆ బాధను చాలావరకు తీర్చింది.

టెర్మినల్‌ను విడిగా బూట్ చేయనక్కర్లేని మరో దారీ ఉంది. 2008లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ బడుల కంప్యూటర్ విద్యకు ఒకే పీసీని పలువురు పంచుకునే ఎన్‌కంప్యూటింగ్ పరికరాలను ఎంచుకున్నారు. ఇందులో ఒక పీసీ బూట్ అయితే చాలు, దానికి తగిలించిన తెరలన్నీ పనిచేస్తాయి. కరెంటు ఖర్చూ తక్కువే. అయితే ఆ పీసీ ఆగితే అన్ని తెరలూ ఆగిపోతాయి. సర్వర్‌ను చూసుకునే మనిషి లేని చిన్న బడికి ఈ పద్ధతే నయం. నిర్వాహకుడున్న పెద్ద ల్యాబ్‌కు మాత్రం పీఎక్స్‌ఈయే మేలు.