రోగి సంస్కృతి, వైద్యుడి సంస్కృతి: తెలుగు రాష్ట్రాల వైద్యవిద్యపై ఒక పరిశీలన

ఆపరేషన్ జరిగి కొన్ని గంటలైన ఒక మహిళ మంచం మీద మూలుగుతోంది. ఆమెది లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబం. మరో విభాగం నుంచి వచ్చిన డాక్టరుదీ అదే నేపథ్యం. ఆమెకు నొప్పి బాగా ఉన్నట్టుందని ఆయన అన్నాడు. నల్లజాతికి చెందిన నర్సు ఆ మాట కొట్టిపారేసింది. భిన్న సంస్కృతుల వైద్యం గురించి తాను నర్సింగ్ కాలేజీలో కోర్సు చదివానని, ఈ జాతివాళ్లు ఉన్న నొప్పి కంటే ఎక్కువ చూపిస్తారని తనకు తెలుసని చెప్పింది. మెలనీ టెర్వలాన్, జాన్ ముర్రే-గార్సియా 1998లో అచ్చువేసిన వ్యాసంలోని ఉదంతమిది. ఆ నర్సు పాఠం చదవక పొరబడలేదు, చదివే పొరబడింది.

అమెరికాలో 'సాంస్కృతిక సామర్థ్యం' అన్న భావన 1989లో టెర్రీ క్రాస్ బృందం రాసిన నివేదికతో బాగా ప్రచారంలోకి వచ్చింది. 2000 నాటికి అక్కడి వైద్య కళాశాలల గుర్తింపు ప్రమాణాల్లో చేరింది. చేరాక జరిగింది ఊహించదగినదే. ఫలానా మతస్థులు ఇలా ఉంటారు, ఫలానా దేశస్థులు అలా నమ్ముతారు అంటూ జాబితాలు తయారయ్యాయి. జాబితాను బట్టీ పట్టవచ్చు, పరీక్షలో మార్కులూ వేయవచ్చు. టెర్వలాన్, ముర్రే-గార్సియా దీనికి బదులుగా 'సాంస్కృతిక వినయం' అన్నారు. రోగి గురించి అంతా తెలిసిపోయిందనుకోకుండా, వైద్యుడు తన అలవాట్లనూ అధికారాన్నీ జీవితాంతం ప్రశ్నించుకోవాలన్నది వారి వాదన. నర్సింగ్ విద్యలో న్యూజిలాండ్ ఇంకాస్త ముందుకెళ్లింది. ఇరిహాపెతి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు రూపొందించిన పద్ధతిలో, చికిత్స గౌరవంగా జరిగిందో లేదో తేల్చేది చికిత్స పొందినవారే.

అడగడం ఎలాగో నేర్పిన పని అంతకుముందే ఒకటి ఉంది. ఆర్థర్ క్లైన్‌మన్, సహచరులతో కలిసి, 1978లో సూచించిన ప్రశ్నలు చాలా మామూలువి. ఈ జబ్బు ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? అప్పుడే ఎందుకు మొదలైందంటారు? ఎలాంటి వైద్యం కావాలనుకుంటున్నారు? దీనిలో మిమ్మల్ని అన్నిటికంటే భయపెట్టేదేమిటి? కాలిఫోర్నియాలోని మెర్సెడ్‌లో మూర్ఛలతో బాధపడిన లియా లీ అనే హ్మోంగ్ పాప తల్లిదండ్రులను మొదట్లోనే ఎవరైనా ఇవి అడిగి ఉంటే కథ వేరుగా నడిచేదేమో. మందుల పట్టీ ఇరవైకి పైగా సార్లు మారింది. మందులు సరిగా వేయడం లేదని పాపను కొంతకాలం వేరే ఇంట్లో పెట్టారు. ఆన్ ఫేడిమన్ 1997లో ఈ ఉదంతంపై రాసిన పుస్తకాన్ని ఎన్నో అమెరికా వైద్య కళాశాలలు చదివిస్తున్నాయి.

ఇప్పుడు మన వార్డులకు వద్దాం. 371-డి అధికరణ కారణంగా తెలుగు రాష్ట్రాలు చాలాకాలం ఎంబీబీఎస్ అఖిల భారత కోటాకు దూరంగా ఉన్నాయి. 2018-19 ప్రవేశాల నుంచి 15 శాతం సీట్లు ఆ కోటాలోకి వెళ్లాయి. అదే ఏడాది మంగళగిరి ఎయిమ్స్‌, మరుసటి ఏడాది బీబీనగర్ ఎయిమ్స్ తరగతులు మొదలుపెట్టాయి. జైపూర్ నుంచో కోజికోడ్ నుంచో వచ్చిన కుర్రాళ్లు మన ఓపీల్లో నిలబడుతున్నారు. 2019 పాఠ్యప్రణాళిక ఫౌండేషన్ కోర్సులో భాషకూ కంప్యూటర్‌కూ కలిపి ఇచ్చినవి 40 గంటలు. ఆ గంటల్లో 'ఎక్కడ నొప్పి?' అని అడగడం వస్తుంది. జవాబు అర్థం కావడం అదృష్టాన్ని బట్టి ఉంటుంది.

భాష వచ్చినంత మాత్రాన పని అయిపోదు. పుట్టింటికి కాన్పుకొచ్చిన ఒక బాలింతను ఊహించుకుందాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. కాన్పు తర్వాత కూడా 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలన్నది ప్రభుత్వ నియమం. మాత్రలు వేసుకుంటున్నావా అని హౌస్ సర్జన్ అడిగితే ఆమె "ఆఁ, వేసుకుంటున్నా సార్" అంటుంది. పక్కనున్న తల్లి కాసేపాగి, "వేడి చేస్తాయి బాబూ, బిడ్డకు పాలు పడవు. మూడో నెల వెళ్లాక వేయిస్తాం" అంటుంది. ఇక్కడ గుంటూరు కుర్రాడు, జైపూర్ కుర్రాడి కంటే మెరుగ్గా ఉంటాడన్న భరోసా లేదు. వేడి, చలువ, పథ్యం అన్నీ అతనికి తెలుసు. తెలుసు గనకే విసుక్కుంటాడు: ఈ కాలంలో కూడా ఇవేం మాటలమ్మా అని. ఆ మాటతో సంభాషణ ముగుస్తుంది. అసలు భయం ఏమిటని అడిగినవాడికి మాత్రం కడుపులో మంట, మలబద్ధకం, నల్లటి విరేచనం బయటపడతాయి. ఇవి మూఢనమ్మకాలు కావు, ఆ మాత్రలకు నిజంగా ఉన్న దుష్ప్రభావాలు. రాత్రి భోజనం తర్వాత వేసుకోమని, నల్లగా పోవడం మామూలేనని చెబితే సగం పేచీ తీరుతుంది.

ఇంతకంటే లోతైన చిక్కు మరొకటుంది. అమెరికా సాహిత్యం నుంచి సంస్కృతి అన్న భావనను యథాతథంగా తెచ్చుకుంటే, అది మన దగ్గర పేదరికానికీ కులానికీ మర్యాదైన ముసుగు అవుతుంది. నల్లమల పెంటలోని చెంచు కుటుంబం ఆస్పత్రికి రాకపోతే 'గిరిజనుల నమ్మకాలు' అని కేస్ షీట్‌లో రాసేయడం తేలిక. అడవి దారి, వాహన ఖర్చు, పోయే కూలి, కిందటిసారి కౌంటర్‌లో పడిన చీవాట్లు మాత్రం షీట్‌లోకి ఎక్కవు. రోగికి సంస్కృతి ఉందనీ వైద్యుడికి కేవలం శాస్త్రం ఉందనీ నమ్మే విద్యార్థికి తన కులం, ఇంగ్లిషు చదువు, నగర జీవితం కనపడవు. పాఠ్యప్రణాళికకూ ఒక సంస్కృతి ఉంటుంది. 2024 ఆగస్టు చివర్లో నేషనల్ మెడికల్ కమిషన్ విడుదల చేసిన మార్గదర్శకాలు ఫోరెన్సిక్ పాఠంలో స్వలింగ సంబంధాలను మళ్లీ అసహజ నేరాల కింద చేర్చాయి. విమర్శలు రాగానే సెప్టెంబరు మొదటి వారంలో వాటిని వెనక్కి తీసుకున్నారు.

సాధనాలు లేవని చెప్పలేం. వైఖరి, నైతికత, సంభాషణ నేర్పే ఏట్‌కామ్ మాడ్యూళ్లు ఉన్నాయి, రోగిగా ఉండడమంటే ఏమిటన్నది వాటిలో ఒక అంశం. కుటుంబ దత్తత కార్యక్రమం విద్యార్థిని మొదటి ఏడాది నుంచే ఊళ్లోకి పంపుతుంది. ఒకే ఇంటికి ఏళ్ల తరబడి వెళ్లడం కన్నా మంచి పాఠం లేదనే నా అభిప్రాయం. కాకపోతే బీపీ, షుగర్ అంకెలు లాగ్‌బుక్‌లో నింపి బస్సెక్కడమే దత్తత అనుకుంటే అది ఆరోగ్య శిబిరంగా మిగిలిపోతుంది. ఏట్‌కామ్ మీద రాతపరీక్షలో ప్రశ్న వస్తుంది, దానికి గైడులో జవాబూ ఉంటుంది. ఇందులో ఒక వింత ఉంది. అమెరికా వెళ్లాలనుకున్న మన పట్టభద్రులు, 2004 నుంచి 2020 దాకా అక్కడ జరిగిన క్లినికల్ స్కిల్స్ పరీక్ష కోసం, రోగితో ఎలా మాట్లాడాలో డబ్బు కట్టి మరీ నేర్చుకున్నారు. రోగి భయాలేమిటో అడగాలని వాళ్లకు తెలుసు, ఎందుకంటే ఆ పరీక్షలో దానికి మార్కులున్నాయి.

కాబట్టి మార్పు మొదలుపెట్టాల్సింది ప్రాక్టికల్ పరీక్ష దగ్గర. లాంగ్ కేస్ చెప్పే విద్యార్థిని పరీక్షకులు రెండు విషయాలు అడగాలి: ఈ జబ్బుకు కారణం ఏమిటని రోగి అనుకుంటున్నారు? ఇంతకుముందు ఎక్కడెక్కడికి వెళ్లారు, అక్కడి నుంచి ఎందుకు మానేశారు? జవాబు రోగి మాటల్లోనే ఉండాలి. 'నిరక్షరాస్యురాలు, అవగాహన లేదు' అని రాసినవారికి ఆ మార్కులు పోవాలి. దీనికి కొత్త విభాగం అక్కర్లేదు, అదనపు గంటలూ అక్కర్లేదు. ఆరోగ్య విశ్వవిద్యాలయాలు పరీక్షకులకు ఒక సర్క్యులర్ పంపితే వచ్చే ప్రాక్టికల్స్‌లోనే అమలు చేయవచ్చు.