పహాణీ పుస్తకము - డేటాబేస్ పాఠము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలోని కళాశాలలలో కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థులకు డేటాబేస్ నిర్వహణ ఒక పాఠ్యాంశము. పట్టిక అననేమి, కీ అననేమి, ఎవరికి ఏ అధికారము ఈయవలెను, యంత్రము నడుమ ఆగిపోయినచో సమాచారమును తిరిగి రాబట్టుట ఎట్లు - ఇవియే అందలి తొలి ప్రకరణములు. ఉదాహరణలుగా తరచు చూపబడునవి బ్యాంకు ఖాతాలు, విమానపు టిక్కెట్లు. కాని ఆ బెంచీలపై కూర్చున్న వారిలో అనేకులు రైతుల బిడ్డలు. వారి ఇంటి పెట్టెలోనే అంతకంటె మంచి ఉదాహరణ, పట్టాదారు పాసుపుస్తకము, భద్రముగా ఉన్నది. దాని వెనుక చరిత్ర తెలిసినచో, పాఠములోని నియమములు ఏల పుట్టినవో సులభముగా బోధపడును.

నిజాము రాజ్యమున మొదటి సాలార్ జంగు ప్రధానిగా ఉండగా 1865లో జిలాబందీ జరిగి, జిల్లాల పాలన ఒక క్రమమునకు వచ్చెను. తరువాత భూముల కొలత సాగి, ఒక్కొక్క గ్రామమునకు సేత్వార్ అను మూల రికార్డు ఏర్పడెను. ఏ సర్వే నంబరున ఎంత భూమి, దాని శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అనునది అందు ఉండును. ఏటేటి సాగు వివరములకు పహాణీ. ఈ లెక్కలు వ్రాయువాడు పట్వారీ, దాచువాడు పట్వారీయే, అడిగినవారికి చదివి అర్థము చెప్పువాడును అతడే. రైతుకు చదువు రాదు. నేటి డేటాబేస్ పరిభాషలో చెప్పవలెనన్న, సర్వాధికారములు ఒక్క వినియోగదారునకే ఇచ్చి, అతడు చేసిన మార్పులను తనిఖీ చేయువారు లేకుండుట వంటిది ఇది. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటమున సూర్యాపేట, హుజూర్‌నగరు ప్రాంతములు ముందున్నవి. ఆ రోజులలో ప్రజలు దొరల గడీలపై పడి కాగితములను తగులబెట్టిన సంఘటనలు జరిగినవి. కాగితమే తమ మెడకు ఉరియని వారికి తెలియును గదా!

1948లో హైదరాబాదు భారతదేశమున చేరినది. 1949లో జాగీర్లు రద్దయినవి, 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను. అటుపిమ్మట 1954-55లో తయారైనది ఖాస్రా పహాణీ. పట్టాదారు పేరుతో పాటు భూమి వాస్తవముగా ఎవరి స్వాధీనమున ఉన్నదో సర్వే నంబర్ల వారీగా వ్రాసిన పుస్తకము ఇది. నేటికిని భూ తగాదాలలో న్యాయవాదులు మొదట అడుగునది దీనినే. తరువాతి మార్పులలో ఎక్కడ పొరపాటు దొర్లినదో కనుగొనుటకు నమ్మదగిన పాత ప్రతి ఒకటి ఉండవలెను. డేటాబేస్ నిర్వాహకుడు వేళ తప్పక బ్యాకప్ తీయుట ఇందుకొరకే.

1970లో అమెరికాలోని ఐ.బి.యం. సంస్థలో పనిచేయుచున్న ఎడ్గర్ కాడ్ అను గణితవేత్త, సమాచారమునంతటిని పట్టికలుగా అమర్చవచ్చునని ప్రతిపాదించెను. ప్రతి వరుసను గుర్తుపట్టుటకు ఒక కీ ఉండవలెను. ఒక విషయము ఒక్కచోటనే ఉండవలెను. దీనిని పొలమునకు అన్వయించి చూడుడు. సర్వే నంబరు 124 అన్నంత మాత్రమున పొలము తెలియదు, ఆ నంబరు పదుల గ్రామములలో ఉండును. గ్రామమును చేర్చినను చాలదు. అన్నదమ్ములు పంచుకొన్న పిదప అది 124/అ, 124/ఆ అగును. కనుక గ్రామము, సర్వే నంబరు, ఉపవిభాగము - ఈ మూడును కలిసియే కీ. ఇక రెండవ నియమము. పట్టాదారు పేరు పహాణీలో ఒకచోట, 1-బి రిజిస్టరులో మరియొకచోట, పాసుపుస్తకములో ఇంకొకచోట ఉన్నదనుకొందము. తండ్రి గతించి విరాసత్ జరిగినపుడు రెండింట మార్చి మూడవదానిని మరచినచో ఏది నిజము? కాడ్ హెచ్చరించినది ఈ చిక్కునే. తహసీలు కచేరీలలో తిరిగి చెప్పులరిగిన రైతుకు ఈ సిద్ధాంతమును వేరుగా బోధింపనక్కరలేదు.

1967లో నాగార్జునసాగరు ఎడమ కాలువకు నీరు వదలిరి. మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతములలో మెట్ట చేలు వరిమళ్లైనవి. భూమి విలువ పెరిగినకొలది దాని రికార్డు విలువయును పెరిగెను. 1971లో పట్టాదారు పాసుపుస్తకముల చట్టము చేయబడెను. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయినవి.

కంప్యూటరు మొదట ప్రవేశించినది రిజిస్ట్రేషను కార్యాలయములలో. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కార్డ్ అను పథకముతో దస్తావేజుల పనిని కంప్యూటర్లకు ఎక్కించినది. అయితే అమ్మకము సబ్ రిజిస్ట్రారు వద్ద, పేరు మార్పు తహసీలు కచేరీలో. రెంటి నడుమ నెలలు గడచిపోవచ్చును. ఆ సందున పాత యజమాని పేరే పహాణీలో నిలుచును గనుక, అదే పొలమును మరియొకరికి అమ్మజూపు మోసగానికి అవకాశము దొరకును. డేటాబేస్ పాఠమున 'లావాదేవీ' అను ప్రకరణము దీనికే విరుగుడు. లావాదేవీలోని మెట్లన్నియు పూర్తి కావలెను, లేదా ఒక్కటియు జరుగరాదు. సగము జరిగిన పని ఉండరాదు. ఈ భావమునకు శాస్త్రరూపము కల్పించిన వారిలో ముఖ్యుడు జిమ్ గ్రే. 1998లో ఆయనకు ట్యూరింగ్ బహుమానము లభించెను. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి, వ్యవసాయ భూముల రిజిస్ట్రేషనును, పేరు మార్పును తహసీల్దారు వద్ద ఒకే పనిగా జోడించినది. ఇది సరియైన మార్పేయని చెప్పవలెను.

కాని చిక్కంతయు మరియొక వైపున వచ్చినది. 2017లో రికార్డుల శుద్ధీకరణ జరిగెను. ఆ వివరములే ధరణికి పునాది. అందలి తప్పులును వెంట వచ్చినవి. యంత్రము తనలో చేర్చినదానిని చెదరకుండ కాపాడును. చేర్చినది నిజమో కాదో దానికి తెలియదు. తప్పును దిద్దు మార్గము ఇరుకైనచో, ఎంత పటిష్ఠమైన డేటాబేసైనను తప్పును అంత పటిష్ఠముగా కాపాడును. పాతకాలపు లెక్కలలో తప్పును చెరిపివేయక, పైన ఒక గీత గీసి, ప్రక్కన వ్రాలు పెట్టెడివారు. పాత అక్షరము కనబడుచునే ఉండును. డేటాబేస్‌లో ఈ పని చేయునది లాగ్. మార్పును అసలు పట్టికలో భద్రపరచుటకు ముందే, పాత విలువను, క్రొత్త విలువను లాగ్‌లో వ్రాయవలెనను నియమముపై, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ఏరీస్ అను పద్ధతిని ప్రకటించిరి. విద్యుత్తు ఆగినను లాగ్‌ను బట్టి సమాచారమును నిలబెట్టవచ్చును. అయితే రైతు నష్టమును లాగ్ తీర్చలేదు. అందులకు వినువాడు ఒకడు కావలెను. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున వచ్చిన భూభారతిలో అప్పీలు చేసికొను వీలును చట్టమే కల్పించినది.

ఇంకొక సంగతి. ధరణిలో సాగుదారుని గడి తీసివేయబడెను. 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము రికార్డు ప్రకారము పట్టాదారునకే చెల్లెను, కౌలుకు దున్నినవానికి కాదు. మిర్యాలగూడ ప్రాంతపు కాలువ క్రింది మళ్లలో కౌలుదారులు కొల్లలు. పట్టికలో ఏ గడులు ఉండవలెనో నిర్ణయించుట సాంకేతిక పనివలె కనబడును. కాని గడి లేని మనిషి ఆ రికార్డునకు లేనట్లే.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక అభ్యాసము ఈయవచ్చును. పిల్లలు తమ ఇంటి పాసుపుస్తకమును చూచి, పేర్లు, నంబర్లు మార్చి, గ్రామము, పొలము, పట్టాదారు, సాగుదారు అను నాలుగు పట్టికలు గీయవలెను. ఒక పొలమునకు ముగ్గురు అన్నదమ్ములు హక్కుదారులైనచో వారి వాటాలు ఏ పట్టికలో వ్రాయవలెను? ఈ నాలుగింటిలో దేనిలోను ఇముడవు. అయిదవ పట్టిక కావలెనని తరగతిలో ఎవరో ఒకరు తప్పక కనిపెట్టుదురు.