గొలుసుకు ఇసుక సంచుల పరీక్ష

పోటీకి తయారుచేసిన రోబోటు మైదానం నడుమ ఆగిపోయినప్పుడు విద్యార్థులు మొదట గొలుసునే నిందిస్తారు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, చక్రాలు కదలవు. కాని విప్పి చూస్తే గొలుసు చెక్కుచెదరకుండా ఉండి, దాని పళ్ళచక్రం ఇరుసుపై వదులై ఊరకే తిరుగుతుండడం కద్దు. ఈ చిక్కు కొత్తది కాదు. 1903లో రైటు సోదరులకూ ఇదే ఎదురైంది.

వారి కథకు ముందు గొలుసును గురించి ఒక్క మాట. పాత గొలుసులలో లంకె రేకులు నేరుగా పిన్నులపై ఒరుసుకొనేవి. లాగుడంతా రేకు మందమంత ఇరుకుచోట పడడంచేత పిన్ను త్వరగా అరిగేది. స్విట్జర్లండులో పుట్టి ఇంగ్లండులోని మాంచెస్టరులో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్, 1880లో పిన్ను చుట్టూ ఒక గొట్టాన్ని, దానిపై తిరిగే రోలరును అమర్చి పేటెంటు పొందాడు. ఒత్తిడి గొట్టం పొడవునా పరచుకొన్నది. వాడగా వాడగా గొలుసు “సాగింది” అంటాము గాని, నిజానికి సాగేది ఉక్కు కాదు. ప్రతి కీలూ రవ్వంత అరగడంవల్ల మొత్తం పొడవు పెరుగుతుంది.

రైటు సోదరులు సైకిళ్ళ వ్యాపారులు. ఒకే ఇంజనుతో రెండు ప్రొపెల్లర్లను త్రిప్పడానికి వారికి సహజంగా గొలుసే తోచింది. ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశలలో తిరగాలి గనుక ఒక గొలుసును 8 అంకె వలె మెలితిప్పి, గొట్టాలగుండా నడిపించారు. నవంబరులో కిట్టీ హాక్‌కు వచ్చిన వృద్ధ ఇంజనీరు ఆక్టేవ్ షనూట్ వారిని కలవరపెట్టాడు. గొలుసులలో 20 శాతం శక్తి నష్టమవుతుందని యంత్ర నిర్మాతలు లెక్కవేస్తారట! సోదరులు లెక్కలో వదిలినది 5 శాతమే.

షనూట్ వెళ్ళిపోయాక వారు ఒక గొలుసును పళ్ళచక్రం మీదుగా వ్రేలాడదీసి, రెండు కొసలకూ ఇసుక సంచులు కట్టారు. ఎగిరేటప్పుడు గొలుసుపై పడే లాగుడు ఎంతో ఇంచుమించు అంత బరువు. ఒకవైపు ఇంకెంత వేస్తే రెండవ సంచి లేస్తుందో చూశారు. నష్టం 5 శాతమే అని తేలింది. సులభంగా తిరిగే పళ్ళచక్రం దొరికితే ఈ ప్రయోగాన్ని పాఠశాలలో సైకిలు గొలుసుతో చేయవచ్చు. 20 కిలోలను లేపడానికి 21 కిలోలు కావలసివస్తే నష్టం సుమారు 5 శాతం.

లెక్క కుదిరినా గండం గడవలేదు. ఇంజను అదురుకు ఇరుసులపై మరలతో బిగించిన పళ్ళచక్రాలు పదేపదే వదులయ్యాయి. ఎంత బిగించినా అంతే. చివరకు సైకిలు టైర్లను అంటించే గట్టి సిమెంటు గుర్తుకు వచ్చింది. ఇరుసులనూ చక్రాలనూ వేడిచేసి, మరలలోకి దానిని కరిగించి బిగించారు. మరి వదులు కాలేదు! నేడు రోబోటుకు ఆరు పలకల ఇరుసు వాడుతున్నది ఇందుకే; చక్రానికి దానిపై జారి తిరిగే వీలుండదు.

ఆ తరువాత బోలు ఇరుసు ఒకటి బీటవారింది. ఆర్విల్ డేటన్‌కు పోయి, గట్టి ఉక్కు కడ్డీతో కొత్తవి చేయించి తెచ్చాడు. డిసెంబరు 17న యంత్రం మొదట 12 సెకండ్లు, నాల్గవసారి 59 సెకండ్లు ఎగిరింది. పిమ్మట నేలపై నిలిపి ఉండగా పెనుగాలి వచ్చి తలక్రిందులు చేసింది. గొలుసులు నడిచే గొట్టాలు వంగిపోయాయి.