ఆడ-మగ వరి: వంశధారల సంకరణంపై కమాన్‌పూర్ పొలాలు చెప్పే సాక్ష్యం

పాత కరీంనగర్ జిల్లా దేశంలో సంకర వరి విత్తనోత్పత్తికి ప్రధాన కేంద్రం. సింగరేణి గనుల పక్కనున్న కమాన్‌పూర్ మొదలుకొని మంథని, సుల్తానాబాద్ దాకా రైతులు ఈ సాగును ‘ఆడ-మగ వరి’ అని పిలుస్తారు. రెండు సాళ్ల మగ వరి, దాన్ని ఆనుకొని ఎనిమిదో పదో సాళ్ల ఆడ వరి, మళ్లీ రెండు సాళ్ల మగ. అయితే వరి పువ్వులో కేసరాలు, అండాశయం రెండూ ఉంటాయి. తన పుప్పొడితో తానే గింజ కట్టే పంట ఇది. అలాంటి మొక్కకు ‘ఆడతనం’ ఎలా వచ్చిందన్నదే ఈ వ్యాసపు ప్రశ్న. ఎప్పుడో విడిపోయిన రెండు వంశధారలు తిరిగి కలిసినప్పుడు బయటపడిన పొసగనితనం ఇది అన్నది నా వాదన.

యాసంగి పంట పూతకొచ్చిన రోజుల్లో, ఉదయం ఎండ ముదిరే వేళకు మగ సాళ్లలో గింజలు నోళ్లు తెరుస్తాయి. పసుపుపచ్చని నిండు పుప్పొడి తిత్తులు బయటికి వేలాడతాయి. ఇద్దరు కూలీలు మడికి చెరో గట్టున నిలబడి తాడును వెన్నుల మీదుగా లాగుతుంటే పుప్పొడి పొగలా లేచి ఆడ సాళ్ల మీద పడుతుంది. ఆడ వెన్నును చేతిలోకి తీసుకుంటే తేడా కంటికే తెలుస్తుంది: తిత్తులు సన్నగా, పాలిపోయి, ముడుచుకుని ఉంటాయి. ఆ పుప్పొడికి అయోడిన్ చుక్క తగిలించి సూక్ష్మదర్శిని కింద చూస్తే రేణువులు వంకరలు పోయి, రంగు పట్టకుండా కనిపిస్తాయి. మగ వరి రేణువులు గుండ్రంగా, నల్లగా నిండుతాయి. ఆడ వెన్ను పోటాకు తొడుగులోంచి పూర్తిగా బయటికి రాదు. అందుకే రైతులు జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ చేస్తారు. వెన్ను ఇలా లోపలే చిక్కుకోవడమూ పుప్పొడి వంధ్యత్వం వెంట వచ్చిందే.

ఈ ఆడతనానికి మూలం 1970 నవంబరులో చైనాలోని హైనాన్ దీవిలో దొరికిన ఒక అడవి వరి మొక్క. వరి శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ బృందం దాన్ని సాగు వరితో పదేపదే సంకరం చేసింది. తరం తరం తండ్రి వైపు నుంచి సాగు వరి కేంద్రకం చేరుతూ పోయింది. తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా అడవిదిగానే మిగిలింది. చివరికి సాగు వరి కేంద్రకం, ఆ మైటోకాండ్రియా ఉన్న అడవి వరి కణద్రవ్యం ఒకే మొక్కలో కాపురం పెట్టాయి. పుప్పొడి చచ్చిపోయింది. 1976 నుంచి చైనాలో సంకర వరి విస్తృతంగా సాగైంది. మన దేశంలో 1994లో విడుదలైన తొలి సంకరాల్లో మారుటేరు పరిశోధన కేంద్రం రూపొందించిన ఏపీహెచ్‌ఆర్-1, ఏపీహెచ్‌ఆర్-2 ఉన్నాయి.

పుప్పొడిని చంపే జన్యువు డబ్ల్యూఏ352 అని 2013లో తేలింది. అది మైటోకాండ్రియాలో ఉంటుంది. పుప్పొడిని పోషించే టపీటం పొర కణాలు వేళకు ముందే నశించేలా చేస్తుంది. ఇక్కడే పరిణామ తర్కం ఉంది. మైటోకాండ్రియా విత్తనం ద్వారానే తర్వాతి తరానికి చేరుతుంది కనుక పుప్పొడి చస్తే దానికి నష్టం లేదు. కేంద్రక జన్యువులు మాత్రం పుప్పొడి ద్వారా కూడా వెళ్లాలి. అందుకే కేంద్రకంలో ఆ జన్యువు నోరు నొక్కే ఆర్‌ఎఫ్3, ఆర్‌ఎఫ్4 లాంటి పునరుద్ధారక జన్యువులు స్థిరపడ్డాయి. రెండూ కలిసి ఉన్నంతకాలం మొక్క మామూలుగా పూస్తుంది, తగువు ఉన్న సంగతే తెలియదు. పునరుద్ధారకాలు లేని కేంద్రకంతో జత కట్టినప్పుడే గుట్టు బయటపడుతుంది. 1909లో బేట్‌సన్, ఆ తర్వాత డాబ్‌జాన్‌స్కీ, ముల్లర్ అనే జన్యుశాస్త్రవేత్తలు ఊహించిన సూత్రం ఇదే: తన వంశంలో హాని చేయని జన్యువు పరాయి వంశపు జన్యువుతో కలిసినప్పుడు సంకరాన్ని కుంటుపరచగలదు. జాతులు వేరుపడే దారుల్లో ఇదొకటి.

ఇక మగ సాళ్లు పునరుద్ధారక వంశానివి. అందువల్ల ఆడ వెన్నున కట్టిన గింజను రైతు కొని నాటితే ఆ మొక్క చక్కగా పూస్తుంది, పైగా సంకర తేజంతో తల్లిదండ్రులను మించి పండుతుంది. ఒకే కణద్రవ్యం ఒక కేంద్రకంతో వంధ్యత్వాన్ని, మరో కేంద్రకంతో నిండు పంటను ఇస్తోంది. సంకరణం మంచిదా చెడ్డదా అని పాఠ్యపుస్తకాలు అడిగే తీరు నాకు సరిగా తోచదు. ఏ జన్యువు ఏ జన్యువుతో కలిసిందన్నదే అడగాల్సిన ప్రశ్న.

వరి చరిత్ర కూడా దీనికే సాక్ష్యం. ఇండికా, జపానికా పూర్వీకులు మనిషి సేద్యం మొదలుపెట్టడానికి లక్షల ఏళ్ల ముందే విడిపోయారు. అయినా గింజ రాలకుండా పట్టి ఉంచే ఎస్‌హెచ్4 మార్పు రెంటిలోనూ ఒకటే. జపానికాలో ఎంపికైన ఇలాంటి జన్యువులు సంకరణం ద్వారా ఇండికాలోకి వచ్చాయని పలువురు పరిశోధకుల అభిప్రాయం; దానిపై వాదం ఇంకా నడుస్తోంది. గ్రాసీ స్టంట్ తెగులు కథలో మాత్రం వాదం లేదు. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఆరు వేలకు పైగా నమూనాలు వెతికితే, ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన నివ్వరి అనే అడవి వరి నమూనా ఒకే ఒక్కదానిలో నిరోధకత దొరికింది. 1976లో విడుదలైన ఐఆర్ 36 వరి రకంలోకి సంకరణం ద్వారా చేరింది ఆ నిరోధకతే.

నాకు ఆందోళన కలిగించేది మన ఆడ వరిలో అత్యధికం ఈ ఒక్క అడవి కణద్రవ్యం మీదే నిలబడి ఉండటం. 1970లో అమెరికాలో సంకర మొక్కజొన్న చాలావరకు ‘టెక్సాస్’ కణద్రవ్యంపై ఆధారపడి ఉండగా, దాన్నే పట్టే ఆకుమాడు తెగులు సోకి దేశపు పంటలో సుమారు 15 శాతం పోయింది. దక్కన్‌లో ఎండాకాలం ఎండిపోయే కుంటల్లో, చెరువు శిఖాల్లో నివ్వరి ఇంకా మొలుస్తుంది. శిఖాలు పూడిపోకముందే ఆ నమూనాలను ఊరూరా సేకరించాలి. వాటిని తల్లిగా, పునరుద్ధారకాలు లేని సాగు రకాలను తండ్రిగా పెట్టి తరాలపాటు సంకరం చేస్తూ, ప్రతి తరంలో పుప్పొడిని అయోడిన్‌తో పరీక్షిస్తే కొత్త కణద్రవ్యాలు ఉన్నాయో లేదో తేలుతుంది. విత్తన వరి పండించే జిల్లాలోనే ఈ పని మొదలవ్వాలి.